చివరి ముక్క పడని ఆట

"ఎనిమిది నెలలమ్మా! ఎనిమిది నెలలుగా ఇదే తంతు!"

షెల్బీ టోస్టు మీద వెన్న రాయడం లేదు. కత్తితో పొడుస్తోంది.

"తొమ్మిదింటికి క్లినిక్‌లో ఉండాలి నేను. నీకేమో పేకాటకి కారు కావాలి. ఏది ముఖ్యమో నువ్వే చెప్పు!"

"నేను ఎనిమిదింటికల్లా అక్కడుండాలి," అంది డెలోరిస్.

"ఎనిమిదిన్నరకెళ్తే ఏం కొంప మునుగుతుంది?"

"సీటు పోతుంది."

"తొమ్మిది కుర్చీలుంటాయి కదమ్మా అక్కడ! ఎందులో కూర్చుంటే ఏం?"

డెలోరిస్ సింక్ వైపు తిరిగింది. కాఫీ కప్పు కడుగుతూ నిలబడింది.

ఏ కుర్చీలో కూర్చుంటావన్నదే సగం ఆట. ఆ సంగతి కూతురికి చెప్పి లాభం లేదు.

ఎనభై ఒక్కేళ్ల ఓపల్ ఓట్స్ గిన్నెలోంచి తలెత్తింది. డెలోరిస్‌కి అత్తగారు. చనిపోయిన భర్త వెర్ల్‌కి తల్లి.

"పోనీవే షెల్బీ. మొగుడు పోయిన మనిషి ఎక్కడో ఒకచోట కూర్చోవాలిగా. చర్చిలో కూర్చుంటే కాఫీ నీళ్లలా ఉంటుంది."

"నానమ్మా! నువ్వు ఊరుకో!"

"ఊరుకుంటానే. ఈ ఇంట్లో అందరూ నన్ను ఊరుకోమనేవాళ్లే."

షెల్బీ కళ్లలో నీళ్లు. "వద్దమ్మా... ఆ పేక ముక్కలు చూడలేను నేను. నాన్న పోయింది ఆ ముక్కల వల్లే. మానెయ్... నా మాట విను, మానెయ్!"

రాయిస్ లేచి భార్య భుజం మీద చెయ్యేశాడు. అల్లుడు మెత్తటి మనిషి. వెర్ల్ పోయిన వారానికే పాహ్రంప్‌లో ఇల్లు ఖాళీ చేసి, భార్యతో సహా ఇక్కడికి వచ్చేశాడు. అత్తగారిని చూసుకోడానికి.

"గొడవెందుకు? అమ్మని నేను దింపుతా. బౌల్డర్ హైవే వైపే నాకో గ్యారేజ్ తలుపు పనుంది."

అంతటితో సద్దుమణిగింది.

డెలోరిస్ బ్యాగు భుజానికి తగిలించుకుంది. రోజూ కంటే బరువేం లేదు.

రెండు వందల డాలర్లు. కళ్లజోడు. బిస్కెట్ల పొట్లం.

వాటి అడుగున... వెర్ల్ రివాల్వర్!

* * *

రాయిస్ వేన్‌లో గ్యారేజ్ తలుపుల స్ప్రింగులు గలగలమంటున్నాయి.

"ఇంకెన్నాళ్లమ్మా?" రాయిస్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"కాలక్షేపానికి వెళ్తున్నా. నువ్వూ రాకూడదూ ఓ రోజు?"

"నేనా? మామయ్య పోయాక ముక్క ముట్టలేదు నేను."

కాపర్ మ్యూల్ కేసినో వెనక గుమ్మం దగ్గర ఆపాడు. చెయ్యి ఊపాడు. వెళ్లిపోయాడు.

ఏడూ యాభై రెండు.

డెలోరిస్ నడక పెంచింది. స్లాట్ మెషీన్ల మధ్యలోంచి... బఫే పక్కనుంచి... చివర ఆరు టేబుళ్ల పోకర్ రూము.

వెండెల్ అప్పటికే నాలుగో కుర్చీలో ఉన్నాడు. ఐదో కుర్చీ ఖాళీ!

కూర్చుంది. ఊపిరి తీసుకుంది.

"మిస్ డెల్! మళ్లీ నా పక్కనేనా? జనం మనిద్దరి గురించి ఏమనుకుంటారు?"

"నీకు చూపు మందగించింది, నాకు రుచి చచ్చిందనుకుంటారు."

టేబులంతా ఘొల్లుమంది. డీలర్ మార్లా నవ్వు ఆపుకుంటూ ముక్కలు పంచింది. మనిషికి రెండేసి. మిగతావి బల్ల మధ్యలో తెరుస్తారు... ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఒకటి. అయిదు. అవి అందరివీ.

వెండెల్ రిటైరయిన ఈతకొలనుల కాంట్రాక్టర్. దూకుడు మనిషి. ప్రతి ఆటలో వేలు పెడతాడు, పందెం పెంచుతాడు. అలాంటివాడు నీ కుడి పక్కనుండాలి. అప్పుడు వాడు ముందు కదులుతాడు. వాడేం చేశాడో చూసి నువ్వు కదులుతావు.

అందుకే ఐదో కుర్చీ!

డెలోరిస్ ముక్కల అంచు ఎత్తి చూసింది. పది, మూడు. పడేసింది.

మళ్లీ పంచారు. పడేసింది.

మళ్లీ... పడేసింది.

గంటకి ముప్ఫై ఆటలు. ఆడేది నాలుగో ఐదో. మంచి ముక్కలొస్తే మాత్రం గట్టిగా పందెం కాస్తుంది. ఈ చిన్న ఆటలో జనం ముక్కలు పడెయ్యరు. కుతూహలంతో డబ్బులు కడతారు. చేతిలో ఏమీ లేకుండా వాళ్లని బెదిరించడం దండగ. బ్లఫ్ చేస్తే చిల్లర కూడా మిగలదు. గెలిచే ముక్కలుంటే పెద్ద పందెం వేసి కట్టించుకోవాలి. పొద్దుటి నుంచి కాఫీ తాగుతూ కూర్చున్న ముసలాయన ఆఖరి ముక్కకి హఠాత్తుగా పందెం పెంచాడా... నమ్మాలి. దణ్ణం పెట్టి పడెయ్యాలి. ఎవడైనా తెలివితక్కువగా ఆడి నీ డబ్బు గెలిస్తే "బాగా ఆడావు బాబూ" అనాలి. పాఠం చెప్పకూడదు.

అలా ఎనిమిది నెలలు. ఈ రూములో ఆమె బ్లఫ్ చేసింది... ఒక్కసారి కూడా లేదు!

గెలుపు కోసం కాదు. గెలిస్తే కుర్చీ నిలుస్తుంది. కుర్చీ నిలిస్తే చెవులు పనిచేస్తాయి.

డెలోరిస్ వచ్చేది వినడానికి!

* * *

ఎనిమిది నెలల కిందట, ఆ గురువారం రాత్రి వాళ్ల గ్యారేజ్‌లో ఆట. వెర్ల్, మరో నలుగురు స్నేహితులు. ముక్కలు పంచేది డెలోరిస్. ఇరవై రెండేళ్లు కేసినోలో డీలర్‌గా చేసిన చేతులు.

బల్ల మధ్యలో నాలుగు ముక్కలు పడ్డాయి. కళావరు తొమ్మిది, ఆటీను తొమ్మిది, డైమన్ నాలుగు, ఇస్పేటు రాణి. ఇంకొక్కటి పడాలి.

గ్యారేజ్ తలుపు దానంతటదే లేచింది.

ఇద్దరు! హెల్మెట్లు, గ్లౌజులు. ఒకడు గుమ్మంలో నిలబడి అరిచాడు. ఆటగాళ్లు నలుగురినీ గోడవైపు తిప్పాడు. రెండోవాడు నోరు విప్పలేదు. తుపాకీతో బల్ల దగ్గరికొచ్చి డబ్బు ఊడ్చాడు.

వెర్ల్ చెయ్యి తన ముక్కల మీదే ఉంది. తలెత్తి ఆ మనిషిని తేరిపార చూశాడు.

"నువ్వు..." అన్నాడు.

పేలింది!

అయ్యాక... గుమ్మంలోవాడు పరిగెత్తాడు. రెండోవాడు పరిగెత్తలేదు. వంగాడు. వెర్ల్ చేతికింది ముక్కల అంచుని బొటనవేలితో ఎత్తాడు. చూశాడు. వదిలేశాడు. అప్పుడు వెళ్లాడు.

డెలోరిస్ ఆ బొటనవేలిని చూసింది.

దొంగ ముక్కలు చూడడు. ఆటగాడు చూస్తాడు!

పోలీసులొచ్చేలోపు ఆ రెండు ముక్కలూ తీసి ఆప్రాన్ జేబులో వేసుకుంది. ఎందుకో ఆమెకే తెలీదు. పందెం ముగియని మనిషి ముక్కలు ఎవరికీ చూపించకూడదు... ఇరవై రెండేళ్ల అలవాటు చెయ్యి చేసేసింది. తర్వాత చెప్పడానికి భయం. ఆ తర్వాత చెప్పడం ఇష్టం లేకపోయింది.

ఎందుకంటే ఆ ముక్కలేమిటో ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఆమెకి. వాడికి.

ఆటగాడు నేరం దాచగలడు. మంచి ముక్కలు దురదృష్టం పాలైన కథ మాత్రం దాచలేడు. ఏదో ఒక బల్ల దగ్గర చెప్తాడు.

చెప్పిన రోజు... బ్యాగు అడుగున ఉన్నది పైకి తీస్తుంది!

* * *

పదీ ఇరవై.

వెండెల్ చేతిలో రెండు ఆసులు. గ్లాడిస్ అనే ముసలావిడ రెండు జతలు చూపించి పందెం డబ్బు మొత్తం లాక్కుంది.

"ఏం ఆడావు తల్లీ! ఎనిమిది, మూడుతో ఎవరైనా ఆడతారా?"

"మా ఆయన పుట్టింది ఎనిమిదో నెల మూడో తారీఖు నాయనా."

"ఆయన్ని తగలెయ్య!"

"తగలేశాం. తొంభై తొమ్మిదిలో."

బల్లంతా నవ్వింది. వెండెల్ నవ్వలేదు. మిగిలిన పందెం బిళ్లలు కుప్పేసుకుంటూ గొణిగాడు.

"ఇదొక లెక్కా! అసలు దురదృష్టం అంటే నాది చెప్తా వినండి. చేతిలో రెండు నాలుగులు. బల్ల మీద రెండు తొమ్మిదులు, ఓ నాలుగు. మూడు నాలుగులు, రెండు తొమ్మిదులు... ఫుల్ హౌస్! తర్వాత రాణి పడింది. అవతలివాడు పందెం మీద పందెం! ఇంకొక్క ముక్క పడితే చాలు, వాడి ఇల్లు నా పేర రాయించుకుందును... ఆట ఆగిపోయింది! ఆ చివరి ముక్క పడనే లేదు!"

డెలోరిస్ చెవుల్లో హోరు.

రెండు నాలుగులు... వెర్ల్ చేతిలోని ఇస్పేటు, ఆటీను నాలుగులు!

ఆమె చెయ్యి ఒళ్లోకి జారింది. బ్యాగు జిప్పు తెరుచుకుంది. బిస్కెట్ల పొట్లం పక్కకి జరిగింది. చల్లటి ఇనుము వేళ్లకి తగిలింది.

పక్క కుర్చీలోనే! ఎనిమిది నెలలుగా జోకులేస్తూ... పక్క కుర్చీలోనే!

వేలు బిగుసుకుంది.

ఆగు... అడుగు. ముందు అడుగు.

"పాపం వెండెల్. ఏ నాలుగులు?" గొంతు మామూలుగానే వచ్చింది.

"ఏవంటే?"

"ఇస్పేటా, కళావరా?"

"అవీ... ఏదో ఆటీనూ, డైమనూ..."

డైమన్ నాలుగు ఆ రాత్రి బల్ల మీద ఉంది! అది ఎవరి చేతిలోనూ ఉండదు!

వేలు సడలింది.

సొంత దెబ్బ తిన్నవాడు ముక్కల రంగులు మర్చిపోడు. ముప్ఫై ఏళ్లయినా మర్చిపోడు. మర్చిపోయాడంటే కథ వాడిది కాదు. ఈ రూముల్లో ఇది మామూలే. ఒకడి ఏడుపు ఇంకొకడు తనదిగా చెప్పుకుంటాడు.

మరి ఎవరిది?

సూటిగా అడిగితే వెండెల్ ఒప్పుకోడు. పదిమందిలో అబద్ధం ఆడినట్టు ఒప్పుకునే మగాడు ఇంకా పుట్టలేదు. ఒప్పించాలంటే వాడికి ఇంతకన్నా ఎక్కువ కావలసిందేదో ఆమె చేతిలో ఉండాలి.

మార్లా ముక్కలు పంచింది.

డెలోరిస్ అంచు ఎత్తింది. ఇస్పేటు రాణి, ఇస్పేటు జాకీ.

వెండెల్ పన్నెండు డాలర్లు వేశాడు. ఆమె కట్టింది. మిగతావాళ్లు పడేశారు.

బల్ల మీద మూడు పడ్డాయి. ఇస్పేటు రాజు, ఇస్పేటు ఎనిమిది, డైమన్ మూడు. ఇంకొక్క ఇస్పేటు పడితే ఆమెకి అయిదూ ఒకే రంగు.

వెండెల్ ఇరవై. ఆమె కట్టింది.

ఆటీను నాలుగు. పనికిరాదు.

వెండెల్ నలభై. కట్టింది.

ఆఖరి ముక్క... కళావరు రెండు.

ఏమీ లేదు! ఆమె చేతిలో అక్షరాలా ఏమీ లేదు!

"అరవై," అన్నాడు వెండెల్.

పడెయ్యాలి. రోజూ అయితే పడేసేది.

డెలోరిస్ పొద్దుటి గెలుపుతో కలిపి తన ముందున్న బిళ్లలన్నిటినీ రెండు చేతులతో ముందుకి తోసింది.

"మొత్తం."

బల్ల చుట్టూ అందరూ ముందుకి వంగారు.

"మూడు వందల పది," లెక్కపెట్టి చెప్పింది మార్లా.

వెండెల్ మొహం పాలిపోయింది. "నీ దగ్గర మూడు ఎనిమిదులున్నాయి. లేకపోతే మూడు రాజులు. మిస్ డెల్... నువ్వు అబద్ధం ఆడవు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి ఆడలేదు..."

ఆమె కాఫీ కప్పు వైపు చూస్తూ కూర్చుంది.

ఒక నిమిషం. రెండు.

వెండెల్ మూలుగుతూ తన ముక్కలు తిరగేసి పడేశాడు. ఆసు, రాజు. మంచి ముక్కలు. గెలిచే ముక్కలు!

"చూపించు! నీకు పుణ్యముంటుంది, ఏమున్నాయో చూపించు!"

"డబ్బు కట్టనివాడికి చూపించే పని లేదు."

"రాత్రికి నిద్ర పట్టదు నాకు! ఏం కావాలో అడుగు. భోజనం పెట్టించనా?"

డెలోరిస్ అతని వైపు వంగింది. గొంతు తగ్గించింది.

"నాలుగుల కథ. అది ఎవరిదో చెప్పు. చూపిస్తా."

వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి. చూపు ఆమె ముక్కల మీదే ఉంది.

"నాది కాదు. సరేనా? ఆదివారాలు ఊరికి అటు చివర ఇంకో పోకర్ రూముకెళ్తుంటా కదా... అక్కడో కుర్రాడు చెప్పాడు. పోయిన నెల. ఏడుపు మొహంతో చెప్పాడు. ఒకటి ఇస్పేటు, ఒకటి ఆటీను అంటూ... ఇంట్లోవాళ్లకి అర్జెంటు రిపేరు పనుందని చెప్పి ఆటకొస్తాడు వాడు."

"పేరు?"

"రాయిస్. గ్యారేజ్ తలుపులు బిగిస్తాడు."

డెలోరిస్ బ్యాగు జిప్పు మూసింది.

స్లాట్ మెషీన్ ఏదో ఎక్కడో గంటలు మోగిస్తోంది.

"మిస్ డెల్? ముక్కలు!"

తిరగేసింది. రాణి, జాకీ. ఏమీ లేవు.

బల్ల దద్దరిల్లింది! వెండెల్ తల పట్టుకున్నాడు. గ్లాడిస్ చప్పట్లు కొట్టింది. ఇక ఈ రూములో డెలోరిస్ మాట ఎవరూ నమ్మరు.

అక్కర్లేదు. ఇక ఇక్కడ పని లేదు.

* * *

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది.

గ్యారేజ్ తలుపు దానంతటదే లేచింది. రిమోట్ పాడైందనుకుంది ఇన్నాళ్లూ. ఆ తలుపు బిగించింది ఎవరు? రాయిస్!

"నువ్వు..." అన్నాడు వెర్ల్. హెల్మెట్ వెనక ఉన్నది అల్లుడని గుర్తుపట్టాడు.

అందుకే పేలింది.

నేను వండింది తిన్నాడు. ఎనిమిది నెలలు. అమ్మా అని పిలిచాడు.

ఇంటికెళ్లగానే కాల్చెయ్యొచ్చు. కానీ ఓ ఈతకొలనుల కాంట్రాక్టరు నోట విన్న మాట మీద కూతురి మొగుణ్ని చంపేస్తే, చచ్చేదాకా షెల్బీ దృష్టిలో వాడు అమాయకుడే. అది కుదరదు. వాడే చెప్పాలి. షెల్బీ ముందు, వెర్ల్ తల్లి ఓపల్ ముందు, వాడి నోటితోనే రావాలి!

ఎలా?

ముక్కలు తప్పు చెప్తే చాలు. ఆటగాడు తట్టుకోలేడు. ఎదుటివాడు ఆట తప్పు చెప్తుంటే నాలుక పట్టుకోలేడు. దిద్దుతాడు.

* * *

సాయంత్రం ఆరు. కిటికీలోంచి ఎండ ఇంకా బల్ల మీద పడుతోంది.

మీట్‌లోఫ్, ఆలుగడ్డ ముద్ద, బీన్స్. నలుగురూ కూర్చున్నారు.

డెలోరిస్ ఆప్రాన్ విప్పలేదు. కుడి జేబు బరువుగా ఉంది.

"ఆట ఎలా జరిగిందే పిల్లా?" ఓపల్ అడిగింది.

"గెలిచాను. ఒట్టి బ్లఫ్‌తో."

"నువ్వా! అబద్ధమా! వెర్ల్ వింటే కుర్చీలోంచి పడేవాడు."

"వెర్ల్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా," డెలోరిస్ బీన్స్ గిన్నె అల్లుడి వైపు జరిపింది. "ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. ఆ రాత్రి ఆయన చేతిలో ఉన్న ముక్కలు నేను చూశాను."

రాయిస్ దవడ ఆగింది.

మళ్లీ నమలడం మొదలుపెట్టింది.

"ఆసు, తొమ్మిది. బల్ల మీద రెండు తొమ్మిదులు. అంటే ఊరికే మూడు తొమ్మిదులు."

ఒకటి... రెండు... మూడు...

రాయిస్ బీన్స్ వడ్డించుకున్నాడు. తలెత్తలేదు. నోరు విప్పలేదు.

పడేస్తున్నాడు! ముక్కలు పడేస్తున్నాడు దొంగ వెధవ!

ఇంకా పెంచాలి.

"బుద్ధి లేని ఆట," అంది డెలోరిస్. గొంతులో చేదు నిజమైనదే. "అవతల ఆయన స్నేహితుడు హబ్ పందెం మీద పందెం పెంచుతున్నాడు. హబ్ ఊరికే పెంచే మనిషి కాదు. ఓడిపోయిన ముక్కలవి. చిన్నపిల్లలు కూడా పడేస్తారు. ఈయన వాటి మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు. పనికిమాలిన ముక్కల కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. జీవితాంతం అంతే. ఎప్పుడు వదిలెయ్యాలో తెలీని మూర్ఖుడు..."

"నాన్నని అలా అనకు!"

ఫోర్కు పళ్లెంలో పడింది. షెల్బీ లేచి నిలబడింది. మొహం కందగడ్డలా అయింది.

"నాన్న మూర్ఖుడు కాదు! నాన్న గెలిచేవాడు! రెండు నాలుగులున్నాయి నాన్న దగ్గర, ఫుల్ హౌ..."

ఆగిపోయింది.

రాయిస్ తలెత్తాడు.

"షెల్బీ!" రాయిస్ అరిచాడు.

డెలోరిస్ చేతులు బల్ల మీదే ఉండిపోయాయి. వల వేసింది ఎవరికి... పడింది ఎవరు!

"ఎలా తెలుసే తల్లీ నీకు?" ఓపల్ అడిగింది. చాలా నెమ్మదిగా.

"అమ్మే... అమ్మ ఎప్పుడో చెప్పింది..."

"నేనెవరికీ చెప్పలేదు," అంది డెలోరిస్.

షెల్బీ కుర్చీలో కూలబడింది.

"తర్వాత చెప్పాడమ్మా... నెల తర్వాత. రాత్రుళ్లు లేచి ఏడ్చేవాడు. ఎవడో స్నేహితుణ్ని వెంటేసుకుని డబ్బు కోసమే వెళ్లాడు, చంపడానికి కాదు. నాన్న గుర్తుపట్టేసరికి చెయ్యి వణికి... ఏం చెయ్యనమ్మా? నాన్న ఎలాగూ పోయాడు. ఈయన కూడా పోతే నాకెవరున్నారు?"

నాకెవరున్నారు. ఎదురుగా తల్లి కూర్చుని ఉండగా అడిగింది ఆ మాట.

రాయిస్ లేచాడు. వంటింటి తలుపు వైపు ఒక అడుగు...

ఠక్!

రివాల్వర్ ఆలుగడ్డ గిన్నె పక్కన ఉంది. దాని మీద డెలోరిస్ చెయ్యి ఉంది.

"కూర్చో."

కూర్చున్నాడు.

"అమ్మా... మీరు నన్ను కాల్చరు. షెల్బీ మొహం చూసైనా..."

"దాని మొహమే చూస్తున్నా."

చూసింది. ఎనిమిది నెలలుగా ప్రతి పొద్దుటా వెన్న కత్తితో టోస్టుని పొడిచిన కూతురు. పేకాట మానెయ్యమని కళ్లనీళ్లు పెట్టుకున్న కూతురు. తల్లి కోసం అనుకుంది. కాదు. మొగుడి కోసం!

వేలు ట్రిగ్గర్ మీద ఉంది. ఒక్క నొక్కు. ఎన్ని రాత్రులు కలగన్నదో ఆ ఒక్క నొక్కుని. క్షణంలో అయిపోతుంది.

క్షణంలోనా? అంత తేలిగ్గానా?

ఎనిమిది నెలలు తను కూర్చుంది. వాడు ముప్ఫై ఏళ్లు కూర్చోవాలి. జైల్లో, ఇనుప బల్ల దగ్గర. రోజూ ఒకే కుర్చీలో.

"అమ్మా, ఆలోచించు..." షెల్బీ వెక్కుతోంది. "పోలీసులకి నాకేం తెలీదని చెప్పు. ఒక్క ఆ ముక్క చెప్పకు... నేను నీ కూతుర్నమ్మా!"

ఓపల్ చెయ్యి చాపి, గోడ పక్కన ఉన్న ఫోను తీసి కోడలి ముందు పెట్టింది. కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఏమీ అనక్కర్లేదు.

డెలోరిస్ కుడి చెయ్యి రివాల్వర్ మీంచి తియ్యలేదు. ఎడమ చేత్తో రిసీవర్ ఎత్తింది. ముగ్గురి వైపూ వరసగా చూసింది. ఉప్పు అందించమని అడిగినంత మామూలుగా చెప్పింది.

"వెర్ల్ కేసు చూస్తున్న డిటెక్టివ్ ఇబారాకి ఫోన్ చేస్తున్నాను. వెర్ల్‌ని చంపింది రాయిస్ అని చెప్తాను. తెలిసి దాచింది షెల్బీ అని చెప్తాను. రెండు ముక్కలు జేబులో వేసుకుని సాక్ష్యం దాచింది నేనని చెప్తాను."

నంబరు నొక్కింది.

"ముగ్గురి పేర్లూ ఇస్తాను. మొదటి పేరు నాదే. ఆయనొచ్చేదాకా ఎవరూ బల్ల మీంచి లేవకండి."